రాజవ్వను అడగని ఓటింగు

బుధవారం, మట్టెవాడ

ఇవాళ మా గేటు పక్కనుంచి రాజవ్వ కూరగాయల గంపను తీసేశారు. తీసినవాళ్లు కార్పొరేషన్ సిబ్బంది. తీయించింది మాత్రం నేనే.

ఇదివరకు గల్లీ సంగతి ఏదైనా ఆదివారం పొద్దున మా గేటుకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ముందు తేల్చుకునేవాళ్లం. అక్కడ అంతా మగవాళ్లే మాట్లాడేవారు. ఆడవాళ్లలో రాజవ్వ ఒక్కతే, గంప దగ్గర కూర్చునే అందరినీ దబాయించేది. మిగతా ఆడవాళ్ల మాట కూడా వినపడాలని నేనే వాట్సాప్ గ్రూపు పెట్టి, ఓటింగు మొదలుపెట్టాను. ఎన్నడూ గడప దాటి మాట్లాడని కోడళ్లు కూడా ఓటేశారు. ఎంత మురిసిపోయానో!

గల్లీలో కూరగాయల గంపలు ఉండాలా, వద్దా అని అడిగిందీ నేనే. ఎక్కువమంది వద్దన్నారు. ఆ ఫలితాన్ని కార్పొరేషన్ ఫిర్యాదుల యాప్‌లో పెట్టి, ప్రజాస్వామ్యం అంటే ఇదీ అనుకున్నాను.

గంపను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే రాజవ్వ అరవలేదు. నా దగ్గరకొచ్చి, "అందరు ఓట్లేసిన్రంట గద బిడ్డా. నన్నెందుకు అడగలే? నేను దినాం ఈడ్నే కూసుంట గద" అంది.

"ఫోన్ల పెట్టినం అవ్వా..." అన్నాను. అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె రొండిన దోపుకున్న ఫోన్ తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్ల రాలే బిడ్డా" అంది.

గ్రూపులో ఇంకా చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి.

అది బటన్ల ఫోనని నాకు తెలియదా? నెలనెలా దానికి రీఛార్జ్ చేసిచ్చేది నేనే.