బండికి ఇంకో మెట్టు

టేకులపల్లి,
12-8-2007

సంగీతక్కా,

అమ్మ కాలికి ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. ముందు ఆ మాట రాయాలనిపించింది.

పోయినసారి ఖమ్మం ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు నలుగురు మగవాళ్లు ఎత్తి నా పికప్‌లో కూర్చోబెట్టారని, అమ్మ పుండుకు కట్టు మార్పించుకోవడమే మానేసింది. "నేనేమన్న పత్తి మూటనా? సచ్చినా ఎక్క" అన్నది. కాలు తీసేస్తారేమోనని నాకు నిద్ర పట్టలేదు.

చివరికి వెల్డింగ్ షాపులో బండి మెట్టు కింద ఇంకో మెట్టు వేయించాను. కాలు జారకుండా దానిమీద గరుకు రేకు, తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాను. నిన్న అమ్మ ఎవరి సాయమూ లేకుండా మెల్లగా ఎక్కింది. నేను అలాగే చూస్తూ నిలబడ్డాను.

"ఏంది గట్ల చూస్తున్నవ్? జల్దీ పోనియ్యి!"

తిరిగొచ్చేటప్పుడు ఖమ్మంలో తల్లాడ రోడ్డు కనిపించగానే, "సంగీత ఇంటికి తిప్పు" అన్నది. వర్షమని నచ్చజెప్పాను. వచ్చే ఆదివారం వస్తున్నాం.

నీ తమ్ముడు