ఆరిన సిగ్నల్

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

అమ్మాయ్ తబితా,

నువ్వు ఫోన్లో చెప్పినట్టే చేశాను, కంప్యూటర్ బతికింది.

లినక్స్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తెర నల్లబడగానే ప్లగ్ పీకేసి, పది రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముప్ఫై ఏళ్లు రైలింజను నడిపినవాణ్ణి. సిగ్నల్ దీపం ఆరిపోతే ఎర్రదీపమనే లెక్క. ముందున్న స్టేషన్ దారి ఖాళీ అని లైన్ క్లియర్ ఇస్తే తప్ప కదలడం నాకు రాదు.

"తెర సీకటైతే లోపలున్నది పోయినట్టు కాదు మావయ్యా. అప్‌డేట్‌కి ముందున్న పాత కెర్నెల్‌తో తెరిసి, తెరని నడిపే కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ తీసెయ్యి" అన్నావు. తీసేశాను. వెలుగొచ్చింది. మీ అమ్మమ్మ మరిచిపోతున్న కీర్తనలు, నేను టైపు చేసి దాచినవి, అన్నీ ఉన్నాయి.

ఒక కీర్తన మూడో చరణం చదువుతుంటే మా అమ్మ గొంతు కలిపింది. పాటయ్యాక, "లైన్ క్లియర్ వొచ్చినాదేటిరా?" అంది.

"నీ మనవరాలే ఇచ్చిందమ్మా" అన్నాను.

మీ మావయ్య