రోబో చేతిలో పిన్ని పనితనం

పిన్నీ, నీ ఉమ నమస్కారాలు. ఫోన్‌లో అయితే ఇద్దరం ఏడుస్తామని కార్డు రాస్తున్నాను. నా ఉద్యోగం పోలేదు.

సిరంజీలు ప్యాక్ చేసే మా లైనులోకి రోబోలు వచ్చాయి. మొన్న ఒక ప్యాకెట్‌ను అలవాటుకొద్దీ వెలుతురుకు వాల్చి చూశాను. అంటించిన అంచులో వెంట్రుకంత సందు! రోబో కెమెరా దాన్ని పట్టుకోలేదు.

"ఇలా చూడటం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు ఇంజనీరుగారు.

"చిలకలపూడిలో గిల్టు గాజుల అతుకులు ఇలాగే చూస్తామండీ. మా పిన్ని నేర్పింది" అన్నాను.

ఇప్పుడు రోబో కూడా ప్రతి ప్యాకెట్‌నూ అలాగే వాల్చి కెమెరాకు చూపిస్తోంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే పని నాకిచ్చారు.

కంటి ఆపరేషన్ ఇంకా ఎందుకు వాయిదా వేస్తున్నావు? కూరలోకి ఎండు మెత్తళ్ళు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ ఫ్యాక్టరీ లోపలికి గాజులు వేసుకుని వెళ్ళనివ్వరు. అయినా ఆ రోబో ప్యాకెట్ వాల్చినప్పుడల్లా నాకు నీ గాజుల గలగల వినిపిస్తుంది.