తెల్లరంగు కింద

మార్చి 9, మధ్యాహ్నం

అక్కకి,

నీకు, బావగారికి నమస్కారాలు. మేమిద్దరం క్షేమమే. ఒంట్లో కాస్త నలతగా ఉండి దుకాణానికి సెలవు పెట్టాను, కంగారు పడకు.

బఫూన్‌ని చూస్తే ఒళ్లు జల్లుమనడమేంటే, మతి పోయిందా అని పోయినసారి పడీ పడీ నవ్వావు కదా. నేనూ చాలా ఆలోచించాను. వేషాల దుకాణంలో కుట్టుపనికి చేరాక రాజులూ వచ్చారు, వీరులూ వచ్చారు. కొలతలు అయిపోయినా మళ్లీ మళ్లీ టేపు పట్టింది మాత్రం ఆ ఎర్రముక్కు వాళ్లకే. సిగ్గుపడి ఏం లాభం, అది కోరికే. ఎందుకో ఇన్నాళ్లకు అర్థమైంది. నాన్న గడపలోకి రాగానే ముందు మొహం చూసేవాళ్లం, ఇవాళ ఎవరికి మూడిందో అని. బఫూన్ తన్నులు తినేవాడే గానీ తన్నేవాడు కాదు. అలాంటి మగవాడి పక్కన భయం లేకుండా పడుకోవచ్చనిపించేది. అంతే.

ఈ మాట మీ మరిదికి చెప్పేశాను. కోప్పడతారనుకుంటే, రంగు డబ్బా తెచ్చిపెట్టమన్నారు. తెల్లగా పూసుకుని, చెదరకుండా పౌడరు అద్దుకుని, చెవుల దాకా నవ్వు గీసుకున్నారు. మొదట్లో ఎంత బాగుందో నీకెలా చెప్పను. పెళ్లయిన కొత్తలో కూడా మేం అంత దగ్గరగా లేం.

ఈమధ్య లిఫ్టుల రిపేరు పని నుంచి రాగానే అద్దం ముందు కూర్చుంటున్నారు. రంగు పడ్డాక ఇక మాట ఉండదు. పిలిస్తే తల పక్కకి వంచి చూస్తారు. కడుక్కోమంటే వినిపించుకోరు, దిండ్లన్నీ తెల్లబడ్డాయి. మొహం చూసి కోపం పసిగట్టడం నాకు చిన్నప్పుడే వచ్చిన విద్య కదా, ఇప్పుడది పనిచేయడం లేదు. ఎప్పుడు చూసినా నవ్వుతూనే కనిపిస్తారు. అయినా అలవాటైపోతుందిలే. పిల్లలకి ముద్దులు.

నీ చెల్లెలు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నలత అని రాసింది అబద్ధం, అక్కా. ఆయన కొడుతున్నారు. కమిలిన చోట్లు కనబడకుండా ఇప్పుడు నాకూ తెల్లరంగు పూస్తున్నారు. నిన్న పక్కింటావిడ తలుపు కొడితే అలాగే వెళ్లి తీశాను. మీ ఇంట్లో ఎప్పుడూ సరదాలేనమ్మా అని నవ్వి వెళ్లిపోయింది. నా మూతి మీద నవ్వు కూడా ఆయన గీసిందే. బావగారిని వెంటబెట్టుకుని రా.