బొగ్గుకు తెలిసిన మాట

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. మీ బావకు దగ్గు తగ్గింది, సిగరెట్లు మాత్రం తగ్గలేదు. మరదలిని అడిగానని చెప్పు.

నీ ఉత్తరం నిన్న చేరింది. నాన్న కుక్క బొగ్గు ఇంట్లో ఉచ్చ పోస్తోందనీ, నెలాఖరులోగా మానకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిందేనని మరదలు తేల్చి చెప్పిందనీ రాశావు. నాన్న పోయాక దాన్ని నేనే తెచ్చుకోవలసింది. మా ఇంటి ఓనరు గోడ మీద బల్లినే ఓర్చుకోడు, ఏం చెయ్యను.

ఒక సంగతి దగ్గర ఆగి మళ్లీ చదివాను. వంటింట్లో పొయ్యదు, పడకగదిలో పొయ్యదు. సాయంత్రం ముందుగదిలో మరదలు పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడే పోస్తుంది. అదీ ఆమె మొహంలోకి చూస్తూ, తోక ఊపుతూ. తనంటే దానికి ఒళ్లుమంటనీ, కావాలనే చేస్తోందనీ మరదలు అంటోందన్నావు.

మరదలు పాఠం చెప్పడం నేను విన్నాను. చదివే పిల్ల ఎక్కడైనా ఆగితే, ‘ఊఁ, కానీ’ అంటుంది.

ఇప్పుడు నాన్నను గుర్తు తెచ్చుకో. కర్ర అడితిలో రంపం అవతలి కొస పట్టుకున్న మనిషికి ఆయన చెప్పేది ‘కానీ’ అనే. కంచం ముందు కబుర్లాడే మనకూ ‘కానీ’ అనే. నువ్వు సైకిలు మీంచి పడి ఏడుస్తుంటే, లేవదీయకుండా దూరంనుంచే ‘కానీరా’ అన్నాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ బొగ్గును కంచె దాకా తీసుకెళ్లి, వాన పడుతున్నా అక్కడే నిలబడి, ‘ఊఁ, కానీ’ అనేవాడు. అది ఆయన మొహంలోకి చూస్తూ కానిచ్చేది. అప్పుడు దాని తల నిమిరేవాడు. మన తల నిమిరినట్టు నాకైతే గుర్తులేదు. నీకుంటే రాయి.

కాబట్టి అది పగబట్టి పొయ్యడం లేదు. చెప్పిన మాట వింటోంది. కొట్టకండి. పాఠం మొదలయ్యే ముందు బయట తిప్పుకు రా. పోసిన చోటు సబ్బునీళ్లతో కడిగి, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. పిల్లలతో ‘కానీ’ బదులు ‘తర్వాత’ అనమని మరదలికి చెప్పు. ముసలి కుక్కకు కొత్త మాట ఎక్కదు, మనమే మార్చుకోవాలి. సంగతి తెలిస్తే నవ్వుతుంది. నవ్వాక ఇచ్చెయ్యమనదు.

కుట్టాల్సిన జాకెట్లు మిషను మీద అలాగే ఉన్నాయి. ఉంటాను.

మీ అక్క

తా.క.: ముసలి కుక్కకు కొత్త మాట ఎక్కదన్నది నిజం కాదు. చేతిలో బిస్కెట్టు పెట్టుకుని చెబితే కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటుంది. మరదలికి ఇబ్బందైతే అలాగే నేర్పండి, నేనేమీ అనుకోను. కాకపోతే, నాన్న మాట ఇంకా వింటున్నది మనలో అదొక్కటే.