నుదుటి ఎరుపు

ఒగుల్‌నబాత్ అక్కకు తమ్ముడి సలాములు.

ఎర్రరంగు కోసం మూడేళ్లు మట్టిలో పెంచిన నీ మంజిష్ఠ వేర్లను ఇప్పుడే తవ్వకు, కొనే నాథుడు లేడు. తప్పు నాదే.

"సత్యాన్ని అసత్యంతో కలపకండి" అన్న ఖురాను వాక్యం పట్టుకుని, తివాచీ నూలుకు సంతలో దొరికే ఎర్రపొడి వేసేవాళ్లను ఇమామునై ఏడాదిగా మసీదులో దుమ్ము దులుపుతున్నాను కదా. చవకగా వచ్చిందని నేను కొనుక్కున్న నమాజు తివాచీ ఆ పొడిదేనట! మొన్న శుక్రవారం, నమాజుకు ముందు ముఖం కడుక్కున్న వుజూ తడి ఆరకుండానే, నుదురు తివాచీకి ఆనించి సజ్దా చేసి లేచేసరికి నుదురంతా ఎరుపు.

"చూశారట్రా, దేవుడు ముద్ర వేశాడు!" అంటూ ఆతాబెర్ది తాత నా చేతులు ముద్దాడాడు.

"ముద్రా కాదు, పాడూ కాదు తాతా. సంత రంగు దిగింది. నా కక్కుర్తికి శిక్ష!"

"అబ్బ, ఎంత వినయం!" అని తాత కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఆ పొడి ఏ కొట్లోది నాయనా? మా కోడలి నూలుకూ తెచ్చిస్తాను."

ఇప్పుడు ఊళ్లో ప్రతి రంగు కుండలోనూ అదే పొడి.

వచ్చే శుక్రవారం నీ మంజిష్ఠ రంగు తివాచీ, ఓ తడిగుడ్డ పట్టుకుని మసీదు గుమ్మం ముందుకు రా. నీదీ నాదీ రెండు తివాచీలూ నువ్వే రుద్ది చూపించు. అది దిగిన రంగేనని నేను గ్రంథం తెరిచి మరీ ఒట్టేశాను. వీళ్లు నా నోటిని నమ్మడం లేదక్కా, నుదుటినే నమ్ముతున్నారు.

నీ తమ్ముడు