పెద్ద టైర్ల బండి

సుభాష్,

నేను హాడో ఆఫీసుకి వెళ్తున్నాను. ట్రక్కు చాబీ దేవుడి గూట్లో ఉంది. మీ అన్నయ్య పోయాక బండి డిగ్లీపూర్ వెళ్లడం ఇదే మొదటిసారి, జాగ్రత్త. పెద్ద టైర్లు వేయించినప్పటి నుంచి మీటరు తక్కువ చూపిస్తోంది. అడవిలో పోలీసులు వరసగా నడిపించే కాన్వాయ్ నలభై దాటకూడదు కదా, ముల్లు ముప్పై ఐదు మీదుంటేనే నలభై అయినట్టు. డీజిలు కూడా ఎక్కువ తాగుతుంది, ఇక్కడే ఫుల్ ట్యాంక్ కొట్టించు. ఆ టైర్లు వద్దని ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. బురదలో దిగబడితే నువ్వొచ్చి తోస్తావా అని నవ్వేవారు.

పులుసు పొయ్యి మీదే ఉంది, తిని బయల్దేరు.

వదిన

తిరిగొచ్చేటప్పుడు బండి మెయిన్ రోడ్డు మీదే ఆపి నడిచి రా. ఆ టైర్ల హోరు వింటే పాప గేటు దగ్గరికి పరిగెడుతుంది. నాన్న ఇంకా డిగ్లీపూర్‌లోనే ఉన్నాడని చెప్పాను.